పప్పుచారులో ఎర్రచుక్క

చుక్కపెన్నులు ఇంటింటికీ వచ్చాక వాటితో పాలూ నీళ్ళూ పరీక్షించుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు గానీ, పంక్తిలో కూర్చుని పప్పుచారును పరీక్షించిన ఘనత మాత్రం సాంబమూర్తిదే. పెన్నులోంచి పడే ఎర్రటి లేజరు చుక్కను చారు మీద నిలిపితే, ఆ కాస్త వేడికి పప్పు నలుసులన్నీ వచ్చి దాని చుట్టూ చేరతాయి. కిందటేడు కోటిలింగం ఇంట గృహప్రవేశంలో అలాగే చుక్క పెట్టి, "ఇది చారా, పప్పు కడిగిన నీళ్ళా?" అని అందరూ వినేలా అడిగాడు. అప్పట్నుంచి ప్రతి విస్తరి దగ్గరా ఒక పెన్ను.

ఇవాళ భోజనాలు సాంబమూర్తి ఇంట్లోనే. పిలిచినవాళ్ళకు రెట్టింపు వచ్చారు. చారులో బిందెడు నీళ్ళు తనే కుమ్మరించి, పంక్తిలోకి తొంగిచూశాడు. మొదటి విస్తరి ముందు కోటిలింగం!

ఈ పరీక్ష కనిపెట్టిన మేధావిని సాంబమూర్తి మనసారా తిట్టుకున్నాడు.

"ఇప్పుడేం చేస్తారు?" అంది భార్య కనకం.

ఆయన గుండిగలో చుక్క పెట్టి, ఉన్న పప్పంతా ఒకచోటికి లాగి, గరిటెతో ఎత్తి తీసుకెళ్ళి కోటిలింగం దొప్పలో పోశాడు.

కోటిలింగం నొచ్చుకున్నాడు. "అయ్యో, నాకు పప్పు పడదండీ. డాక్టరు ముట్టొద్దన్నాడు. వట్టి తేట ఉంటే పోయించండి."

తేటకేం లోటు? పంక్తి పొడుగునా అదే వడ్డిస్తున్నారు. దొప్ప దొప్పకీ ఎర్రచుక్క వెలిగింది. ఏ చుక్క చుట్టూ ఏమీ చేరలేదు. కాసేపు చూసి, చుక్కలన్నీ చారు వదిలి వచ్చి సాంబమూర్తి చొక్కా మీద చేరాయి.