చిత్తిరై ఎండలో బొంత

చిత్తిరై నెల ఎండకి కాకులు కూడా నోరు మూసుకున్న మిట్టమధ్యాహ్నం, ఎదురింటి సెల్వి ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"అక్కా, చూశావా? మన వీధి గ్రూపంతా నీ ఇల్లే!"

వడివాంబాళ్ కళ్ళజోడు వెతుక్కుని చూసింది.

ఫోనులో కనిపిస్తున్నది తన మేడ గదే. కిటికీ అద్దాలు బిగించి ఉన్నాయి. ఫ్యాను ఆగి ఉంది. మంచం మీద, నెత్తి మీంచి బొంత కప్పుకుని, పెదాలు కదుపుతూ లోపల్లోపలే ఏదో మాట్లాడుతోంది అద్దెకున్న పొన్మణి.

"మా డాబా మీంచి తీశాను," అంది సెల్వి, పతకం గెలిచినట్టు. "ఎవరితోనట ఆ మాటలు? ఆ గదిలో పిల్లి కూడా లేదే!"

ఆ వీడియో కింద వీధి వీధంతా పళ్ళికిలించే బొమ్మలు పెట్టేసింది. వేపమండలతో కొట్టించమని ఒకరు రాశారు. దయ్యాలు వదిలించే పాండిముని గుడికి తీసుకుపొమ్మని ఇంకొకరు.

పొన్మణి తై నెలలో, సంక్రాంతి వెళ్ళాక దిగింది. యాభై దాటిన మనిషి, వెనకా ముందూ ఎవరూ లేరు. పొద్దున్నపూట ఓ డాక్టరు దగ్గర రోగుల పేర్లు పిలిచే పని. మధ్యాహ్నం గదికి చేరిందంటే ఇక లోకమంతా ఆమెకి చప్పుడే. కుక్కరు కూసిందంటే కిందికి దిగొచ్చేది.

"కాస్త ఆగి పెట్టుకోకూడదా అమ్మా?"

అరటికాయల బండివాణ్ణి పక్క వీధికి పొమ్మని బతిమాలేది.

"అద్దెకొచ్చింది చాలక నా కుక్కరు నోరు కడుతుందిట, మహాతల్లి!" అని వడివాంబాళ్ అప్పట్లోనే ఊరంతా చెప్పుకుంది.

అవన్నీ ఓర్చుకోవచ్చు. ఇప్పుడు సంగతి కుయిలిది.

కుయిలి వడివాంబాళ్ మనవరాలు. పుట్టుకతోనే చూపు లేదు. తల్లి కూడా పోయింది. తిరుచ్చి హాస్టల్లో ఉండి సర్కారు ఉద్యోగం పరీక్షకి తయారవుతోంది. రేపు తను కన్ను మూశాక ఆ ఉద్యోగమే పిల్లకి తల్లీ తండ్రీ అని వడివాంబాళ్ నమ్మకం. పరీక్ష దగ్గరపడింది, ఇంటికొచ్చి చదువుకుంటానంది పిల్ల. దానికి సద్దు లేని గది కావాలి. ఉన్నది ఆ మేడ గది ఒక్కటే.

వడివాంబాళ్ కొంగు బిగించి మెట్లెక్కింది. తలుపు దడదడలాడించింది.

"ఏమేవ్ పొన్మణీ! తియ్యి తలుపు! పగలల్లా ఎవరితోనే ఆ గొణుగుడు?"

తలుపు తీసిన మనిషి చెమటతో స్నానం చేసినట్టుంది.

"ఎవరితోనూ కాదమ్మా. చదువుతున్నా."

"ఈ వయసులో నీకేం చదువే? అదీ బొంతలో దూరి!"

"బొంత కప్పుకుంటే బయటి చప్పుళ్ళు దూరవని..."

"ఎక్కడ, నీ బుర్రలోకా?" మెట్ల మీంచి సెల్వి అందించింది.

"చూడు, నా మనవరాలొస్తోంది," అంది వడివాంబాళ్. "కళ్ళు లేని పిల్ల. పరీక్ష ఉంది దానికి. నిన్ను పక్కన పెట్టుకుని అదేం చదువుతుంది? ఆదివారంలోగా గది ఖాళీ చెయ్యి."

పొన్మణి ముఖం ఎందుకో విప్పారింది.

"ఏం పరీక్షమ్మా?"

"ఏదైతే నీకెందుకు?"

"కొంచెం గడువివ్వండమ్మా. ఇంకాస్తే మిగిలింది."

"ఏం మిగిలిందే? పిచ్చి ముదరడమా?"

సెల్వి ఫక్కున నవ్వింది. పొన్మణి తలుపు మెల్లగా మూసుకుంది.

శనివారమే పెట్టె, బొంత సర్దుకుని దిగింది. తాళంచెవి చేతికిస్తూ, "పడమటి కిటికీకి గుడ్డ కట్టానమ్మా, పిల్లకి ఎండ పడకుండా," అంది. ఎక్కడికి పోతున్నావని ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం వీధి గ్రూపులో ఒక ముక్క కనబడింది. పొన్మణి గ్రూపు నుంచి వెళ్ళిపోయారు.

"ఓసినీ, ఇదీ ఉందా ఇందులో!" అంది వడివాంబాళ్. "అయితే ఆ వీడియో చూసే ఉంటుందే సెల్వీ."

సెల్వి కాకరకాయల ధర గురించి మాట్లాడింది.

కుయిలి వచ్చింది. చప్పుడు లేని గది, కుండలో చల్లటి నీళ్ళు, అన్నీ అమరాయి. పిల్ల మాత్రం చెవుల్లో తీగలు పెట్టుకుని గోడకి చేరగిలబడి కూర్చుంది. చదివే మొహం కాదది.

"ఏమ్మా, చదవవేం?"

"పాఠం సగంలో ఆగిపోయింది అమ్మమ్మా."

"పాఠం ఆగడమేమిటే?"

"మా పుస్తకాలు ఫోనులో గొంతుగా వస్తాయి. ఏవేవో ఊళ్ళలో ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని తలో పాఠం చదివి పంపుతారు. డబ్బు లేదు, పేరు లేదు. వాళ్ళకి మేం తెలీదు, మాకు వాళ్ళు తెలీదు. చరిత్ర చదివే ఆవిడకి ఉన్నట్టుండి ఉంటున్న గది పోయిందట."

"ఇంకెవరూ చదవరా?"

"చదువుతారు. అప్పటికి నా పరీక్ష అయిపోతుంది."

వడివాంబాళ్ మంచం అంచు మీద కూర్చుని, పడమటి కిటికీకి కట్టిన గుడ్డ కేసి చూసింది.

"చదివినంతవరకూ నిన్న పంపారు," అంది కుయిలి. "ఎప్పుడూ చప్పుళ్ళన్నీ తీసేసి పంపుతారు. ఈసారి టైము లేక పచ్చిదే పంపేశారు."

ఒక చెవి తీగ తీసి, తడుముకుంటూ అమ్మమ్మ చెవిలో పెట్టింది.

పాండ్యుల కాలంలో చెరువు నీళ్ళు ఊరికెలా పంచేవారో చెబుతోంది ఒక గొంతు. తొందర లేని గొంతు. పక్కన కూర్చున్న పిల్లకి అన్నం కలిపి పెడుతున్నట్టు చదువుతోంది.

అంతలో దడదడ.

"ఏమేవ్ పొన్మణీ! తియ్యి తలుపు!"

వడివాంబాళ్ చెవిలోది పీకెయ్యబోయింది. కుయిలి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండు అమ్మమ్మా. అయిపోలేదు."

తిట్లన్నీ అయ్యాయి. సెల్వి నవ్వూ అయింది. తలుపు మూసుకుంది. ఎవరో ముక్కు చీదుకున్నారు. బొంత మళ్ళీ కప్పుకున్న గరగర.

తర్వాత పొన్మణి, తెగిపోయిన ఆ వాక్యాన్ని మొదటినుంచీ మళ్ళీ చదవడం మొదలుపెట్టింది.