దానిమ్మ రంగు మీద గీతలు

కారు మీద గీతలు గీసింది లక్ష్మీనర్సయ్యే. అందులో అనుమానానికి చోటు లేదు. ఈ మాట బుచ్చయ్య సూర్యాపేటలో పాలిష్ పట్టినవాడికి చెప్పాడు, కోదాడలో పట్టినవాడికి చెప్పాడు. ఇప్పుడు మిర్యాలగూడలో పాండుకు చెబుతున్నాడు.

"రెండుసార్లు పాలిష్ పట్టించిన. నెల తిరగకముందే మళ్ల గీతలు. పక్కింట్ల శత్రువుంటే గిట్లనే ఉంటది."

పాండు బానెట్ మీదికి వంగి లైటు వేసి చూశాడు. గీతలు సన్నగా, వంపులు వంపులుగా ఉన్నాయి. బానెట్ మీద, తలుపుల మీద, పైకప్పు మీద చెయ్యి అందినంత మేర.

"పగబట్టినోడు ఇంత ఓపికగ గీకుతడా పెదనాయినా? మీ దిక్కు మిల్లులున్నయి కద, ఊక బూడిద పడుతది. దాని మీద పొడిగుడ్డ పెట్టి రుద్దితే..."

"నాకు నేర్పకు. నా బతుకంత మిల్లుల్లనే పోయింది. నీళ్లు కొట్టి, బూడిదంత పోయి, ఆరినంకనే గుడ్డ పెడ్త. ఆ గుడ్డ గూడ వెన్న లెక్క ఉంటది."

"సరే, నీ ఇష్టం. గని ఒక్కటి ఇను. పాలిష్ అంటే పై పొరను అరగదీసుడే. ఇప్పటికే బాగ అరిగింది. ఈసారి పట్టి కోటింగ్ వేస్త. మళ్ల గీతలు పడితే మాత్రం ఈ రంగు దక్కదు. కొత్త పెయింటే."

బుచ్చయ్య దవడ బిగుసుకుంది. ఆ రంగు భార్య కాటమ్మ ఎంచింది. షోరూంలో అందరూ తెలుపు తీసుకోమంటే వినలేదు. దానిమ్మ గింజల రంగే కావాలని పట్టుబట్టింది. కారు ఇంటికొచ్చాక దాని మీద దుమ్ము కనిపిస్తే చాలు, కొంగుతో తుడిచేది.

ఆమె గుండె పట్టుకొని కూలబడిన రోజు బుచ్చయ్య కారు తీసుకొని నేరేడుచర్ల పోయి ఉన్నాడు. ఆమెను లక్ష్మీనర్సయ్య తన ఆటోలో దవాఖానకు చేర్చాడు. కాటమ్మ బతకలేదు. నర్సు చేతికిచ్చిన చీరను బుచ్చయ్య పైట మడతలు కూడా చెదరకుండా ఇంటికి తెచ్చుకున్నాడు. కోడలు కరుణ ఉతుకుతానంటే ఇల్లు పీకి పందిరేశాడు. అప్పటినుంచి రోజూ కారు కడిగాక, ఆఖరున ఆ చీరతోనే మెరిపిస్తాడు. దాన్ని ఇంకెవరి చేతికీ ఇవ్వడు.

బయట ఆటో ఆగింది. లక్ష్మీనర్సయ్య దిగాడు.

"రమ్మన్నవంట బావా."

"గీ గీతలు సూడు. కండ్లు సల్లబడ్డయా?"

"మళ్ల గదే ముచ్చటనా! కారు అడ్డమున్నది, ఆటో తిరుగుతలేదని ఒక్కనాడన్న. గంతే. దానికి గీకుతనా? నా చెల్లె ముచ్చటపడి కొన్న కారు అది."

"చెల్లె అనకు! ఆ దినం ఆటోను ఎడ్లబండి లెక్క తోలినవ్. జర జల్ది పోతే బతికేది నా కాటమ్మ. అప్పుడు యాదికి రాలే చెల్లె?"

లక్ష్మీనర్సయ్య ముఖం పాలిపోయింది. పాండు నీళ్ల పైపు కట్టేశాడు.

"పెదనాయినా, గట్లనకు. సాయం చేసినోన్ని..."

"నువ్వు నడుమ రాకు." బుచ్చయ్య లక్ష్మీనర్సయ్య వైపు తిరిగాడు. "ఇను నర్సయ్యా. నా కాటమ్మ కారును గీకిన చెయ్యి ఎవలదైనా సరే, ఆ చెయ్యి కుళ్లిపోవాలె. బతికున్నోళ్లయినా, సచ్చినోళ్లయినా, వాళ్లకు మంచి గతి ఉండొద్దు."

డిక్కీ తెరిచి చీర మడతను బయటికి తీశాడు. లక్ష్మీనర్సయ్య చేతుల్లో పెట్టాడు.

"ఇది పట్టుకొని చెప్పు. దీని మీద అబద్ధమాడలేవు."

లక్ష్మీనర్సయ్య జంకలేదు. చీరను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

"ఎందుకు చెప్ప? చెల్లె మీద ఒట్టు బావా, నేను ఆ కారును..."

ఉలిక్కిపడ్డాడు. మాట ఆగిపోయింది. తలవంచి చీరలోకి చూస్తూ నిలబడ్డాడు. మడతల్లో అతని వేళ్లు మెల్లగా కదిలాయి. బుచ్చయ్య కళ్లు మెరిశాయి.

"ఆగినవేంది? కానియ్యి. చెప్పు!"

లక్ష్మీనర్సయ్య ఒకసారి గీతల వంక చూశాడు. ఒకసారి బుచ్చయ్య వంక చూశాడు. చీరను మెల్లగా డిక్కీలో పెట్టాడు. ఎడమ చెయ్యి మాత్రం పిడికిలి బిగించే ఉంది.

"నేనే గీకిన బావా."

"ఏందన్నా నువ్వనేది!" అన్నాడు పాండు.

"అవును. నేనే. ఆ తిట్లన్నీ నాకే తగలాలె, ఇంకెవలకు వద్దు. ఇగ గీతలు పడయి."

బుచ్చయ్య కొట్టడానికి చెయ్యెత్తి దించుకున్నాడు. చీర నిజం కక్కించింది. కాటమ్మే కక్కించింది. తను మొదటినుంచీ చెబుతున్నది ఇదే కదా.

"పో. నా గడప తొక్కకు. నేను సచ్చినా నా పాడె పట్టకు."

లక్ష్మీనర్సయ్య ఆటో ఎక్కాడు.

"పాలిష్ పట్టు," అన్నాడు బుచ్చయ్య పాండుతో. "ఈ ముచ్చట ఇగ ఖతం. నేను ఎత్త. నా ముందట ఇంకెవ్వడూ ఎత్తొద్దు."

మలుపు తిరిగాక ఆటో ఆపి, లక్ష్మీనర్సయ్య పిడికిలి విప్పాడు.

కాటమ్మ పైట పిన్నీసు, మొనకు దానిమ్మ రంగు.