అదృష్టవంతుడి పాదం

ఆ క్రిస్మస్ ఉదయం ఆకాశం కొండ నడుము దాకా దిగి కూర్చుంది. మంచు కురవలేదు. కురవనని చెప్పనూ లేదు.

స్తమెన తలగుడ్డ కట్టుకుని వీధి తలుపు తీసింది.

"ఎక్కడికత్తా?" అని అడిగింది కోడలు నెవెంక. ఆమెకు ఏడో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు.

"గొర్రెల తిహోమిర్‌ని పిలుచుకొస్తా. పండగపూట మనింట్లో మొదటి పాదం ఆయనదే పడాలి."

నెవెంక మొహం మాడ్చుకుంది.

"ఆయనొద్దత్తా. ఇంకెవర్నైనా పిలువు."

"ఏమే? నీ చిన్నప్పుడు వరదొచ్చి ఎగువ యెలావ ఊరు మొత్తం కొట్టుకుపోతే మిగిలింది ఆయనొక్కడే. ఈ కొండల్లో అంతకంటే అదృష్టవంతుడున్నాడా?"

"ముగ్గురు పిల్లల్ని ఇంట్లో వదిలేసి తను చర్చి గోపురం ఎక్కి కూర్చున్నాడు. అదీ ఆ అదృష్టం. మా దిగువ యెలావలో ఆయన పేరెత్తితే ఉమ్మేస్తారు."

"ఉమ్మితే ఉమ్మనీ. నాకు మనవడు కావాలి."

తిహోమిర్ కొట్టంలో గొర్రెలకు గడ్డి వేస్తున్నాడు. ఈ ఊరికొచ్చి రెండేళ్లయింది. లాటరీ టికెట్ కొనేవాళ్లు ముందు ఆయన భుజం తాకి వెళతారు. పెళ్లికూతుళ్ల మేజోళ్లకు ఆయన గొర్రెల ఉన్నే కావాలంటారు. 'అదృష్టవంతుడా' అని పిలిచినప్పుడల్లా, వీపు మీద తడిసిన గోనె వేసినట్టు ఆయన కొంచెం వంగుతాడు.

"నేను రానక్కా. నా పాదం మంచిది కాదు."

"చావు నోట్లోంచి బయటపడ్డవాడివి. నీది కాకపోతే ఇంకెవరిది మంచిది?"

ఆయన ఇంకో మోపు గడ్డి అందుకున్నాడు.

స్తమెన గొంతు తగ్గించింది. "కోడలు మూడోసారి మోస్తోంది తమ్ముడూ. ఇదీ పోతే ఆ పిల్ల బతకదు."

ఆయన చేతిలో గడ్డి కింద పెట్టి, ఆమె వెనకే నడిచాడు.

గడప దగ్గర కుడికాలు లోపల పెట్టి, పండగ పలకరింపుగా "క్రీస్తు పుట్టాడు" అన్నాడు.

"నిజంగా పుట్టాడు" అంటూ స్తమెన ఆయన మీద గోధుమలు చల్లింది. కొడుకు రాదోష్ పొయ్యి ముందు పీట వేశాడు. నెవెంక గోడవైపు తిరిగి రొట్టె పని చూసుకుంటోంది.

తిహోమిర్ ఆనవాయితీ ప్రకారం ఒక కొమ్మ తీసుకుని పొయ్యిలో కాలుతున్న ఓక్ మొద్దును కొట్టాడు. నిప్పురవ్వలు లేచాయి.

"ఎన్ని రవ్వలో అన్ని గొర్రెలు."

మళ్లీ కొట్టాడు.

"ఎన్ని రవ్వలో అన్ని తేనెటీగలు."

ఇంకోసారి కొట్టాడు.

"ఎన్ని రవ్వలో అంతమంది..."

అక్కడ ఆగిపోయాడు. రవ్వలు లేచినంత తొందరగానే ఆరిపోయాయి.

"పిల్లలు!" అని స్తమెన అందించింది. "అను తమ్ముడూ. అంతమంది పిల్లలు."

ఆయన పెదాలు కదిలాయి. మాట రాలేదు.

"గొర్రెలకొచ్చింది, ఈగలకొచ్చింది, నా మనవడికి రాలేదా నోరు? అంత అదృష్టం మూటగట్టుకుని గింజంత విదల్చలేవా? పిసినారోడా!"

"అమ్మా, ఊరుకోవే" అన్నాడు రాదోష్.

"నేను ముందే చెప్పాగా" అంది నెవెంక, ఇటు తిరక్కుండానే. "సొంత పిల్లలే గుర్తురానివాడు ఊళ్లోవాళ్ల పిల్లల్ని దీవిస్తాడా?"

తిహోమిర్ లేచాడు.

మొదటి పాదం పెట్టినవాడు తినకుండా గడప దాటితే ఆ ఇంటికి ఏడాదంతా కరువే. స్తమెన కోపంతోనే తలుపుకు అడ్డం నిలబడింది.

"కూర్చో. తినేసి పో."

పండగ రొట్టెను ఇంట్లోవాళ్లందరూ కలిసి తుంచాలి. తలో వైపు పట్టుకున్నారు. తిహోమిర్ ఉన్ని చేతొడుగులు తీశాడు.

నెవెంక చూపు అక్కడే ఆగిపోయింది. రెండు అరచేతుల్లోనూ అడ్డంగా, చర్మం ఒలిచి మానినట్టు లోతైన గాడి.

"ఇదేంటి?"

"తాడు ఒరుసుకుంది."

"ఏం తాడు?"

ఆయన అరచేతులు రొట్టె కిందికి తిప్పుకున్నాడు.

"చర్చి గంటది."

ఎవరూ రొట్టె లాగలేదు.

"వరదొచ్చిన ఆ తెల్లవారుజామున గంట ఆగకుండా మోగబట్టే మా దిగువ ఊరంతా కొండెక్కింది" అంది నెవెంక మెల్లగా. "నాకప్పుడు ఏడేళ్లు. మా అమ్మ నన్ను దుప్పటితో సహా ఎత్తుకుని పరిగెత్తింది. మోగించింది గంట కొట్టే పేరో తాత కదా? ఆయన శవం గోపురం కిందే దొరికిందన్నారు?"

"పేరో తాత ముందురోజు సాయంత్రమే పోయాడమ్మా. పెట్టెలో పెట్టి చర్చిలో ఉంచాం. రాత్రి శవం దగ్గర కూర్చునే వంతు నాది."

"మరి ఆ సంగతి ఎవరూ చెప్పలేదే!"

"ఆయన పోయాడని తెలిసినవాళ్లంతా మా ఎగువ ఊరివాళ్లే."



"మీ ఇల్లు..." నెవెంక ఆయన చేతుల వైపు మళ్లీ చూసింది. "చర్చికి ఎంత దూరం బాబాయ్?"

"వాగు దాటితే మాదే. గోపురంలోంచి కిటికీ కనపడుతుంది." ఆయన రొట్టెనే చూస్తున్నాడు. "తాడు వదిలేసి వెళ్లుండొచ్చు. గంట విని పిల్లలు వాళ్లే లేచి పరిగెత్తుంటారులే అనుకున్నా."

రొట్టె తునిగింది.

ఎవరి ముక్క వాళ్లు, తల ఎత్తకుండా తిన్నారు.