ఇద్దరికి సరిపడా కరెంటు

"సెలవు దొరికింది! రెండు రోజులు!" గుమ్మంలోంచే అరిచాడు భర్త.

కొత్త కోడలు చేతిలో గరిటెతో సహా గిర్రున తిరిగింది. పెళ్లయినప్పటి నుంచి ఈ రెండు గదుల ఇల్లు, మధ్యలో పల్చటి చెక్కగోడ. ఇటు గుసగుసలాడితే చాలు, అటు నుంచి మామగారు దగ్గేవారు. ఇక కొండ మీద టెంటు, ఏటి చప్పుడు, తామిద్దరే!

టెంట్లోకి కావలసిన కరెంటు లెక్క నోటితోనే తేల్చేసింది. రెండు దీపాలు, రెండు ఫోన్లు. మడతపెట్టే చిన్న సోలార్ ప్యానెల్, అరచేతిలో పట్టే బ్యాటరీ. అంతే.

"తప్పు," అన్నారు మామగారు, కాలిగోళ్లు కత్తిరించుకుంటూ. ఆయన లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. "రాత్రంతా ఫ్యాను వద్దూ?"

"కొండ మీద చల్లగా ఉంటుంది మామయ్యగారూ."

"గాలాడకపోతే? ఇరవై వాట్ల ఫ్యాను, తొమ్మిది గంటలు. నూట ఎనభై. టెంట్లో ఎందరు పడతారు?"

"ఇద్దరే," ఒత్తి పలికింది.

"సర్దుకోవచ్చు."

ఎగిరిన గోరుముక్క వచ్చి ఆమె కాఫీ కప్పు పక్కన పడింది. ఆమె కప్పు అవతలికి జరిపేసింది.

ఇంతలో అత్తగారు తన గురక మిషను తెచ్చి బల్ల మీద పెట్టారు. జిడ్డోడుతున్న గొట్టం, ముక్కుకు తగిలించుకునే తొడుగు, దానికి ఎండిన చొంగ చార.

"ఇదెంత లాగుతుందో కూడా చూడండి. ఇది లేందే నాకు కునుకు పట్టదు."



"నలభై వాట్లు, ఎనిమిది గంటలు. మూడొందల ఇరవై," అన్నారు మామగారు హుషారుగా. "దీపాలకీ ఫోన్లకీ ఎనభై. మొత్తం ఐదొందల ఎనభై. ఓ రోజు మబ్బు పట్టిందనుకో, రెట్టింపు దాచుకోవాలి. అంటే పన్నెండు వోల్టుల బ్యాటరీ, వంద ఆంపియర్ అవర్లది. గట్టిగా ఎండ కాసేది నాలుగు గంటలే, అందులో పావు వంతు వృథా. రెండొందల వాట్ల ప్యానెల్ లేందే కుదరదు."

"ఇది టెంటా, పెళ్లి పందిరా?"

"పందిరికైతే జనరేటరు పెట్టేవాణ్ణి కదమ్మా!"

సాయంత్రానికి మామగారు అన్నీ అద్దెకు తెచ్చేశారు. టెంటు హాల్లోనే వేసి, లోపల పడుకుని చూశారు. అత్తగారూ దూరారు. "కాళ్లు బాగానే చాపుకోవచ్చండోయ్!" అని లోపల్నుంచి ఒకటే నవ్వు. టెంటంతా నొప్పుల మందు వాసన.

కోడలు భర్తను వంటింట్లోకి లాక్కెళ్లింది.

"నీకు నోట్లో నాలుక లేదా? నా దుప్పటి మీద ఆ చొంగ గొట్టం! ఛీ! పానకంలో ఒక్క పుడకుంటేనే తాగలేం, ఇక్కడ రెండు!"

"నాన్న ఇంత సంబరపడటం నేనెప్పుడూ చూళ్లేదే. వద్దని ఎలా చెప్పను?"

"అయితే మీ ముగ్గురూ వెళ్లండి. నేను రాను."

ఏడుపు దిగమింగుకుంటూ హాల్లోకి వచ్చింది. మామగారు సంచి జిప్పు లాగుతున్నారు. తలెత్తి కోడలి ముఖం చూశారు. గొంతు సవరించుకున్నారు.

"అమ్మాయ్, రేపు పొద్దున్నే మేమిద్దరమే వెళ్తున్నాం, ఇల్లు మీ ఇద్దరిదీ."