మడత లేని కత్తి

రాత్రి డ్యూటీ దిగి ఒంటరిగా సైకిలు తొక్కే నర్సమ్మకు దుకాణంవాడు నచ్చజెప్పాడు: "మడతకత్తి వద్దక్కా, ఆపదలో ఒంటిచేత్తో తెరవలేవు. ఈ బెత్తెడు కత్తికి మడతే లేదు, లాగితే చాలు." ముందు కడితే మోకాలికి తగులుతోందని, ఆ పిచ్చితల్లి ఒరను సీటు వెనక కట్టుకుంది.

ఆ రాత్రే, మనిషి అలికిడి లేని దారిలో, మెడకు చుట్టుకున్న శాలువా కొస వెనకచక్రంలో పడి ఉరిలా బిగిసింది. ఊపిరాడక చెయ్యి వెనక్కి చాచి తడిమింది. ఒర దొరికింది. కత్తి లేదు.

అంతలో వీపు వెనక పర్ పర్‌మని గుడ్డ కోస్తున్న చప్పుడు. శాలువా తెగి జారిపోయింది.

"ఎవరు నాయనా? నీ కడుపు చల్లగుండ!" అంది రొప్పుతూ.

"తల ఇంకాస్త వెనక్కి వాల్చు తల్లీ," అన్నారెవరో, చెవి పక్కనే.