ఆ కుర్చీ ఖాళీ లేదు

"అమ్మా, లేవండి. ఆ కుర్చీ ఖాళీ లేదు."

ట్రెవర్ గొంతులో మర్యాద ఉంది గానీ ముఖంలో లేదు.

కూర్చున్నావిడ అటూ ఇటూ చూసింది. వానకోటు ఇంకా విప్పలేదు. మోకాలు ఒత్తుకుంటోంది.

"ఎవరూ లేరుగా?"

"లేకపోయినా ఉన్నట్టే. ఎదురుగా గ్లాసు కనపడట్లేదా?"

నిజమే. కుర్చీ ముందు బల్ల మీద నురగలు కక్కుతున్న బీరు గ్లాసు ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఇంగ్లండులోని హడర్స్‌ఫీల్డులో ఆ పబ్బు మేడమీద గదిలో ఏటా సెప్టెంబరులో ఒక సాయంత్రం జరిగే తంతు అది. 'రస్ట్ కమిటీ' అనే పంక్ పాటల బ్యాండు డెబ్భై ఎనిమిదిలో తెచ్చిన ఒకే ఒక్క ఆల్బమ్ 'నో టీ బ్రేక్'. దాన్ని పాత నల్ల రికార్డు మీదే పెట్టుకుని, నోరు మెదపకుండా మొత్తం వింటారు. అక్కడ చేరేవాళ్ళంతా ఒకప్పుడు జుట్టు నిక్కబొడుచుకుని లోకాన్ని తగలబెడతామన్నవాళ్ళే. ఇప్పుడు ఆ జుట్టూ లేదు, తోలు జాకెట్లకి పొట్ట మీద జిప్పూ పడటం లేదు.

"బామ్మగారూ, ముసలాళ్ళ బింగో ఆట కింద గదిలో!" రికార్డు ప్లేయర్ దగ్గర నిలబడ్డ నైజిల్ కేకేశాడు.

అందరూ గొల్లున నవ్వారు. ఆమెకీ వాళ్ళకీ మహా అయితే మూడు నాలుగేళ్ళు తేడా ఉంటుంది.

"రికార్డు వినడానికే వచ్చాను," అందామె బల్ల పట్టుకుని లేస్తూ. "గుమ్మం మీద కాగితం చూశాను. నేనెప్పుడూ వినలేదిది."

"ఒక్కసారి కూడా?"

"అప్పట్లో వినబుద్ధి కాలేదు."

"ఇన్నాళ్ళకి బుద్ధి పుట్టిందన్నమాట!" అన్నాడు నైజిల్. మళ్ళీ నవ్వులు.

ఆమె గోడకి ఆనుకుని నిలబడింది. ఇంకో కుర్చీ తెచ్చి వేద్దామని అంతమందిలో ఒక్కడికీ తోచలేదు.

రికార్డు ఒక వైపు అయింది. రెండో వైపు తిప్పారు. చివరి పాట ముందు నైజిల్ సూది ఎత్తి పట్టుకున్నాడు. అదీ ఆ తంతులో భాగమే.

ట్రెవర్ లేచాడు. ఏటా చెప్పేదే.

"ఈ పాట అయ్యాక ఒక అమ్మాయి నవ్వుతుంది. ఎవరో తెలీదు. రికార్డు అట్ట మీద పేరు లేదు. చెప్పగలిగిన బ్యాండువాళ్ళు చెప్పకుండానే పోయారు. నాకప్పుడు పదిహేడేళ్ళు. మిల్లు మూసేశారు. మా నాన్న తాగొచ్చి బెల్టు తీసేవాడు. ఒకరోజు ఇక బతికింది చాలనుకున్నా. పోయేముందు ఈ రికార్డు పెట్టుకున్నా. చివర్లో ఆ నవ్వు విని ఆగిపోయా. లోకంలో ఇంత సంతోషం ఉందా, అయితే చూసే పోదాం అనిపించింది."

అతను ఖాళీ కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు.

"అప్పట్నుంచీ వెతుకుతూనే ఉన్నా. ఆవిడ చేతులు పట్టుకుని ఒక్క మాట చెప్పాలి. 'నీ వల్ల బతికాను తల్లీ' అని. అందాకా ఆ కుర్చీ ఆవిడది. ఆ గ్లాసు ఆవిడది."

ఎవరో ముక్కు చీదారు.

"సంతోషంతో నవ్విందని మీకెవరు చెప్పారు?"

గోడ దగ్గర్నుంచి వచ్చిందా మాట. ట్రెవర్‌కి చెంప మీద కొట్టినట్టయింది.

"ఏంటీ?"

"ఏడవలేక కూడా నవ్వుతారుగా మనుషులు."

"ఒక్కసారి కూడా వినలేదన్నారు ఇందాక! ఇప్పుడు నాకే అర్థం చెప్తున్నారా?" అతని ముఖం జేవురించింది. "ఇది మీకు అంతుపట్టే సంగతి కాదమ్మా. దయచేయండి."

"ఆ చివరిదొక్కటీ విని వెళ్ళిపోతాను."

"మెట్లు అటు."

ఆమె కుర్చీ వైపు చూసింది. తర్వాత గ్లాసు వైపు చూసింది. నురగ ఎప్పుడో అణిగిపోయింది. ఏదో అనబోయి, ఎందుకులే అన్నట్టు తలాడించి బయటికి నడిచింది. మెట్టుకి రెండు పాదాలూ ఆనించి ఆగి ఆగి దిగుతున్న చప్పుడు కాసేపు వినిపించింది. ఆ చప్పుడు పోయేదాకా నైజిల్ సూది దించలేదు.

"పీడా పోయింది. కానీయ్," అన్నాడు ట్రెవర్.

చివరి పాట మొదలైంది. ఉక్కగా ఉందని బార్లా తెరిచిన కిటికీలోంచి ఆ హోరు కింద బస్‌స్టాపు దాకా వినపడే ఉంటుంది.

పాట ఆగింది. నవ్వు వచ్చింది. గరగరమంటూ మొదలై, మధ్యలో తెగి, మళ్ళీ ఎగిసి, ఎవరో నోరు నొక్కినట్టు టక్కున ఆగిపోయే నవ్వు.

అందరూ నిలబడి ఖాళీ కుర్చీ వైపు గ్లాసులెత్తారు. ట్రెవర్ కళ్ళు తుడుచుకున్నాడు.

కిటికీ కింద బస్సు వచ్చి ఆగిన చప్పుడైంది.

ఆ వెంటనే మళ్ళీ అదే నవ్వు. గరగరమంటూ మొదలైంది, మధ్యలో తెగింది, మళ్ళీ ఎగిసింది, టక్కున ఆగిపోయింది.

"ఒక్కసారే వినాలని కదరా మన నియమం! మళ్ళీ ఎందుకు పెట్టావ్?" ట్రెవర్ విసురుగా వెనక్కి తిరిగాడు.

నైజిల్ ముఖంలో నెత్తురుచుక్క లేదు. రికార్డు అతని చేతుల్లో, సగం అట్టలోకి వెళ్ళి ఉంది.

"నేను పెట్టలేదురా," అన్నాడు.

ట్రెవర్ పరుగున వెళ్ళి కిటికీలోంచి తల బయటపెట్టేసరికి బస్సు మలుపు తిరుగుతోంది. వెనక సీట్లో మోకాలు ఒత్తుకుంటూ, ఆ వానకోటావిడ ఎట్టకేలకు కూర్చుని ఉంది.