చీటీ మీది పేర్లు

హైదరాబాద్ బార్కస్‌లో కృష్ణయ్య ఎస్టీడీ బూత్‌కు కళావతి పరుగున వచ్చేసరికి ఆమె కాలికి ఒక్క చెప్పే ఉంది.

అది 2003 ఎండాకాలం. పక్క హోటల్ టీవీలో జెరూసలేం చూపిస్తున్నారు. బాంబు పేలి కాలిపోయిన బస్సు.

ఆమె భర్త డానియేలు ఆ ఊళ్లోనే ఒక ముసలాయనకు సేవ చేసే పనిలో ఉన్నాడు. మందుల కోసం రోజూ బస్సెక్కుతాడు. రెండు వైపుల నాయకులూ చర్చల్లో చేతులు కలిపారు, ఇక ఫికర్ లేదని వారం కిందటే ఫోన్‌లో నవ్వుతూ చెప్పాడు.

గాజు తలుపు వెనక అరబ్ విద్యార్థి ఒకడు ఫోన్ పట్టుకుని ఉన్నాడు. వారానికోసారి వస్తాడు. కళావతి ఏనాడూ అతని ముఖం చూడలేదు.

"పాలస్తీనా పిల్లగాడు," అన్నాడు కృష్ణయ్య గొంతు తగ్గించి. "ఆని ఊరు గూడ జెరూసలేమే. యూదుల భాష మస్తు మాట్లాడ్తడు."

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. బాంబు పెట్టినవాళ్ల మనిషి అనుకుంది. లోపల ఎవరికి ఏం చెబుతున్నాడో.

అతను బయటికి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ కోపం ఎవరి మీదో తెలియక కళావతి గోడకు అతుక్కుపోయింది.

కృష్ణయ్య డానియేలు నంబరు నాలుగుసార్లు నొక్కాడు. సెల్‌ఫోన్ పలకలేదు.

అప్పుడా విద్యార్థి, అక్కడ మీవాళ్లెవరున్నారని వచ్చీరాని ఉర్దూలో అడిగాడు. ఆసుపత్రుల నంబర్లు తన దగ్గరున్నాయట. కనుక్కుని చెబుతాడట.

కళావతి వద్దని సైగ చేసేలోపే కృష్ణయ్య అంతా చెప్పేశాడు. ఆయన కడుపులో ఏ మాటా దాగదు.

అతను పేరు అడిగాడు.

"డానియేలు," అంది.

అది చర్చిలో పెట్టిన పేరు. బడి సర్టిఫికెట్ మీదా, పాస్‌పోర్టు మీదా ఉన్నది గుండయ్య. వాళ్ల వాడలో సగం మందికి ఇలాగే రెండు పేర్లు. అసలుది శత్రువు చేతికి ఎందుకివ్వాలని దాచుకుంది.

అతను జేబులోంచి చీటీ తీసి రాసుకుని లోపలికి వెళ్లాడు. పది నిమిషాలకు వచ్చి, గాయపడ్డవాళ్ల జాబితాలో ఆ పేరుతో ఒకతను ఉన్నాడు గానీ ఆ ఊరివాడేనని చెప్పాడు. చెప్పి, ఆమె ఎదుటే పేరు కొట్టేశాడు.

కళావతి ఊపిరి పీల్చుకోబోయి ఆగింది. అక్కడి జాబితాలో డానియేలు ఎందుకుంటాడు? ఉంటే గుండయ్య ఉంటాడు. ఆమె తెలివి ఆమె మెడకే చుట్టుకుంది.

"తమ్మీ, ఆయన అసలు పేరు గుండయ్య," అంది ఏడుస్తూ. "నీకు భయపడి చెప్పలే."

కృష్ణయ్య ఆ మాట ఉర్దూలో చెప్పాడు. అతను ఆమెను పల్లెత్తు మాట అనలేదు. రెండో పేరు రాసుకుని మళ్లీ లోపలికి వెళ్లాడు.

ఈసారి ఇరవై నిమిషాలు. గాజు వెనక ఆ పేరు నోరు తిరక్క అతను తంటాలు పడుతుంటే, బయటినుంచి కళావతి పెదవులు కదిపి అందించింది.

తలుపు తీసుకుని వచ్చి ఆ పేరూ కొట్టేశాడు.

"నహీ హై, బహెన్. ఘర్ జావో."

జాబితాలో లేడు, ఇంటికి పొమ్మన్నా ఆమె నమ్మలేదు. ఒక్క మంచి మాటైనా అనకుండా వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున కృష్ణయ్య ఫోన్‌కే డానియేలు చేశాడు. ముసలాయనకు జ్వరమని నిన్న గడప దాటలేదట. ఊళ్లో సెల్‌ఫోన్లేవీ కలవలేదట.

ఫోన్ పెట్టీ పెట్టకముందే కళావతి ఆ పిల్లవాడి గది ఎక్కడని అడిగింది. చేతులు పట్టుకుని తప్పయిందని చెప్పాలి. ఇంతకీ అతని పేరేమిటని కూడా అడిగింది.

కృష్ణయ్యకు తెలియదు. ఫోన్ చేయడానికి వచ్చినవాళ్ల పేరు ఆయన ఎన్నడూ అడగలేదు.

"తెల్లారంగనే విమానానికి ఆని ఊరికి పోయిండు, బిడ్డా. నిన్నటి చీటీ ఈడనే మర్సిండు."

చీటీ మీద మూడు పేర్లున్నాయి. కింది రెండూ ఆమె చెప్పినవే. కొట్టేసి ఉన్నాయి. వాటికి పైన, ఆమె నోరు విప్పకముందే రాసుకున్న పేరు ఒకటుంది. దాని మీద గీత లేదు.

నైజాం కాలపు బడిలో ఉర్దూ చదువుకున్న కృష్ణయ్య కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

"ఆమినా," అని చదివి కళ్లద్దాలు తీసేశాడు. "ఆడే జెప్పిండొకపారి, వారం వారం ఫోన్ జేసేది గామెకే. వాళ్లమ్మ."